పొగగొట్టపు వేడికి పూచీకత్తు

ఖబూరా (ఒమాన్) తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసము



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసనిధి ఏర్పడినదో ఆయన బాయిలరు ఆపరేటరుగా జీవితమారంభించి ఇంజనీరుగా ముగించిన పెద్దమనిషి. తన పేరు గోడలమీదను కాగితములమీదను వేయవద్దని ఆయన చెప్పిపోయిన మాటను కుటుంబమువారు పాటించుచున్నారు గనుక నేనును ఈ అచ్చుప్రతిలో ఆ పేరు వ్రాయుట లేదు. ఏ కర్మాగారమునకు పోయినను పొగగొట్టమువంక చూచి, "ఎన్ని డిగ్రీలలో పోవుచున్నది?" అని అడుగుట ఆయనకు అలవాటట. ఆ ప్రశ్నకు థర్మామీటరు జవాబు చెప్పును. దాని వెనుకనే రావలసిన రెండవ ప్రశ్న, అనగా ఆ పోవు వేడిని పట్టుటకు డబ్బెవరు పెట్టవలెను, పెట్టిన డబ్బు ఎవరి పూచీమీద తిరిగివచ్చును అనునది, నేటి నా విషయము. మొదటి ప్రశ్నకు నూరేండ్లుగా సమాధానములు దొరకుచున్నవి. రెండవదానికి సమాధానము దొరకినచోటనే వేడి పనికివచ్చినది. దొరకనిచోట ఎంతటి శాస్త్రజ్ఞులున్నను అది ఆకాశమునకే పోయినది.

ఈ ఖబూరా పట్టణములో పెద్ద పొగగొట్టములు లేవు. ఎదుట ఒమాన్ సముద్రము, వెనుక హజర్ పర్వతములు, ఆ కొండలనుండి దిగివచ్చు వాదీ హవాసినా, నడుమ ఖర్జూరపు తోటలు, చేపల పడవలు. ఇంతే ఇచ్చటి సంపద. పొగగొట్టములున్నది ఇచ్చటికి వాయవ్యముగా అరువది కిలోమీటర్లకు పైబడిన సొహార్ రేవుప్రాంతమున. అల్యూమినియము, ఉక్కు, ఇనుపఖనిజపు గుళికలు, చమురుశుద్ధి, మెథనాలు, అన్నియు అచ్చటనే కలవు. మీలో చాలమంది జీతములు అచ్చటినుండియే వచ్చుచున్నవి. అయితే వేడికి ఒక దౌర్బల్యము కలదు: అది దూరప్రయాణము చేయజాలదు. ఆవిరిని గొట్టములలో కొన్ని కిలోమీటర్లు నడిపించవచ్చును గాని సొహార్ కొలిమి వేడిని ఖబూరా గుమ్మమునకు తెచ్చుట అసంభవము. రావలెనన్న అది వేషము మార్చుకొని కరెంటుగానో మంచినీరుగానో రావలెను. ఈ వేషము మార్చుటకే యంత్రము కావలెను, యంత్రమునకు పెట్టుబడి కావలెను.

ఈ వేడియంతయు ఒకే జాతిది కాదని ముందుగా చెప్పవలసియున్నది. కోక్ బట్టీనుండి వెలువడిన బొగ్గు వేయి డిగ్రీల సెంటీగ్రేడునకు చేరువగా ఉండును. సిమెంటు కర్మాగారపు ప్రీహీటరునుండి బయటికిపోవు వాయువు సుమారు 300 మొదలు 380 డిగ్రీలు. అల్యూమినియము తీయు విద్యుద్విశ్లేషణ పాత్రలపైనుండి పీల్చివేయు వాయువు నూరు డిగ్రీలకు కొంచెము పైన. అల్యూమినియము విద్యుద్విశ్లేషణలో వాడిన కరెంటులో దాదాపు సగము వేడిగానే పోవుచున్నను, ఆ వేడి తక్కువ డిగ్రీలదగుటచే దానిని కొనువాడు లేడు. 350 డిగ్రీల వాయువునుండి, బయట 35 డిగ్రీలుండగా, ప్రకృతి నియమము ననుసరించి సగమునకు మించి పనిని రాబట్టుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు. ఆచరణలో ఐదవవంతు వచ్చిన గొప్ప. ఖబూరా, సొహార్ లున్న ఈ బాతినా తీరమున ఎండాకాలమున బయటి గాలియే 45 డిగ్రీలు దాటుచుండగా ఆ ఐదవవంతును తరిగిపోవును. కావున "ఉచితముగా పోవుచున్న వేడి" అనుమాటను అప్పిచ్చువాడు అనుమానముతో వినుట సహజము. అన్నము వార్చిన గంజి ఉచితమే గాని, దానిని పట్టుటకు గిన్నె కొనవలసివచ్చినప్పుడు ఇల్లాలు లెక్క వేయకమానదు.

మన తెలుగునాట ఈ లెక్క మూడు విధములుగా జరిగినది. మొదటిది విశాఖ ఉక్కు కర్మాగారము. సోవియట్ సహకారముతో రూపొందిన ఆ కర్మాగారమున, ఎఱ్ఱగా కాలిన కోక్‌పై నీళ్లు గుప్పించి తెల్లని ఆవిరిమేఘమును ఆకాశమునకు వదలు పాతపద్ధతిని మొదటినుండియు విడిచి, మూసిన గదిలో నైట్రోజను వాయువును ఆ కోక్‌గుండ త్రిప్పి, వేడెక్కిన వాయువుతో బాయిలరులో ఆవిరి పుట్టించు పద్ధతిని నెలకొల్పిరి. దీనికి ప్రత్యేకముగా అప్పెవరును అడుగలేదు, ఎవరును ఈయలేదు. కర్మాగారపు మొత్తము అంచనాలో అదియు నొక పద్దు. ప్రజల సొమ్ముతో, ప్రభుత్వపు పూచీతో, మూలనక్షలోనే అది యిమిడిపోయినది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిననాటినుండి 1992లో పి. వి. నరసింహారావు జాతికి అంకితము చేసిననాటివరకు ఆ కర్మాగారము ధనాభావముచేత ఎన్ని కోతలకు గురియైనదో మీ రెరుగుదురు. అన్ని కోతలలోను ఈ పద్దు బ్రతికి బయటపడుట విశేషమే. తరువాత చాలకాలమునకు కాల్చి ముద్దకట్టిన ఇనుపఖనిజమును చల్లార్చు సింటరు కూలరునుండి పోవు వేడిపై 20.6 మెగావాట్ల విద్యుత్కేంద్రమును నిలుపవలసివచ్చినప్పుడు కథ మారినది. నిలబడియున్న కర్మాగారమునకు అతుకువేయుట అది. అప్పుడు జపాను ప్రభుత్వసంస్థ నెడో ఆదర్శపథకము క్రింద యంత్రసామగ్రిలో భాగమిచ్చి చేయూత నీయవలసివచ్చినది.

రెండవది విష్ణుపురము. నల్లగొండ జిల్లా వాడపల్లివద్ద, మూసీ కృష్ణలో కలియుచోట, బి. వి. రాజుగారు స్థాపించిన రాశి సిమెంటు కర్మాగారము 1998లో ఇండియా సిమెంట్స్‌వారి చేతికి వచ్చినది. అచ్చట 2004 ప్రాంతమున, ఈ నెడో సహాయముతోడనే, కవాసాకి కంపెనీ యంత్రములతో 7.7 మెగావాట్ల వేస్ట్ హీట్ రికవరీ కేంద్రము వెలసినది. చూడదగిన యంత్రమది. ప్రీహీటరునుండి వచ్చు వాయువులో సిమెంటుధూళి మెండుగా ఉండుటచే బాయిలరు గొట్టములకు అది పట్టి గట్టిపడును. పట్టినకొలది వేడి లోనికి పోదు. అందుచే వరుసగా అమర్చిన ఇనుపసుత్తులు నిర్ణీతవేళలకు ఆ గొట్టముల కొసలను కొట్టుచుండును, ధూళి క్రిందికి రాలుచుండును, రాలినదానిని గొలుసుకట్టు కన్వేయరు మరల బట్టీకే చేర్చుచుండును. రాత్రింబవళ్లు ఆ సుత్తుల చప్పుడు ఆగకుండవలెను. బ్యాంకువాని పెట్టుబడి ఈ సుత్తులమీద ఆధారపడియున్నదని నేను ఊరక అనుట లేదు. ఒక్క నెల అవి సరిగా పనిచేయకున్న వాయిదా కట్టవలసిన కరెంటు పుట్టదు.

మూడవది తాడిపత్రి. అచ్చటి సిమెంటు కర్మాగారమున బట్టీనుండి వచ్చు సిమెంటుగడ్డలను చల్లార్చు క్లింకరు కూలరు వేడిపై, నీటియావిరికి బదులు తక్కువ వేడికే మరుగు సేంద్రియద్రవముతో నడచు 4 మెగావాట్ల ఆర్మాట్ కంపెనీ యంత్రము నెలకొల్పిరి. రాయలసీమ వంటి నీరులేని నేలకు, అంతకంటె నీరులేని ఈ బాతినాకు ఆలోచింపదగిన పద్ధతి అది. దానిని గూర్చి ఇంకను చెప్పవలెనని యున్నను విషయము ధనము గనుక ముందునకు పోవుదును.

నెడో సంస్థ ఇట్టి కానుకనే విష్ణుపురముకంటె ముందుగా చైనాలో అన్‌హుయ్ రాష్ట్రపు నింగ్‌గువో సిమెంటు కర్మాగారమునకు ఇచ్చినది. 1998లో అచ్చటి కేంద్రము నడచినది. దాత ఒకడే, కవాసాకి యంత్రమూ ఒకటే. 2014లో అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ ప్రకటించిన లెక్క ప్రకారము చైనాలో ఇట్టి కేంద్రములు 739, భారతదేశమున 26, ఈ విద్యకు పుట్టినిల్లయిన జపానులో 24. చైనీయులు మనకంటె బుద్ధిమంతులని గాని వారి బట్టీలు మనవాటికంటె వేడివని గాని దీని యర్థము కాదు. వారు మొదటి యంత్రమునుండి నేర్చి, కవాసాకితోనే పొత్తు కలిపి, స్వదేశమున చౌకగా తయారుచేసిరి. 2006 మొదలు 2010 వరకు సాగిన పంచవర్షప్రణాళికలో జాతీయాదాయమునకు పట్టు ఇంధనమును నూటికి ఇరువది తగ్గింతుమని శపథము పట్టి, ఆ లక్ష్యమును రాష్ట్రములమీదను కర్మాగారములమీదను పంచిరి. ప్రభుత్వ బ్యాంకులు ఆ దిక్కుననే చూచినవి. మన దేశమున ఆ కానుక ప్రదర్శనశాలలోని వస్తువువలె కొంతకాలము నిలిచిపోయినది. చూచుటకు వచ్చిన ఇంజనీర్లు అనేకులు. అప్పిచ్చుటకు ముందుకు వచ్చిన బ్యాంకులు స్వల్పము. ఆదర్శపథకమనునది యంత్రము నడచునని నిరూపించును గాని, కానుక లేకుండ అప్పు తీరునని నిరూపింపదు; అప్పిచ్చువానికి కావలసినది ఆ రెండవ నిరూపణమే.

ఇక ఒమాన్ సంగతి. ఇచ్చటి పరిశ్రమలకు గ్యాసు ఒకప్పుడు పది లక్షల బీటీయూలకు ఒకటిన్నర డాలరు చొప్పున లభించెడిది; ఆ ధరను మెట్టుమెట్టుగా పెంచి 2015 నాటికి సుమారు మూడు డాలర్లు చేసిరి. విష్ణుపురపు కేంద్రమునే ఊహలో ఎత్తి తెచ్చి ఈ తీరమున నిలుపుదము. సంవత్సరమునకు 7,500 గంటలు నడచినచో 5 కోట్ల 77 లక్షల యూనిట్లు పుట్టును. కిలోవాటుకు 2,500 డాలర్లు ఖర్చగుననుకొన్నచో మొత్తము పెట్టుబడి దగ్గరదగ్గర 74 లక్షల రియాళ్లు. ఆ కరెంటునే గ్యాసుతో, నూటికి ఏబదిపాళ్ల సామర్థ్యము గల మంచి టర్బైనులలో పుట్టించినచో, పాతధరకు యూనిట్టుకు పట్టు గ్యాసు విలువ నాలుగు బైసాలు (వేయి బైసాలు ఒక రియాలు). అనగా మన కేంద్రము ఏటికి ఆదాచేయునది 2 లక్షల 31 వేల రియాళ్లు. వడ్డీ మాట యెత్తకుండనే అసలు తిరిగివచ్చుటకు 32 ఏండ్లు. ఆ గడువునకు ఎవడును అప్పీయడు, ఈయరాదు కూడ. గ్యాసుధర రెట్టింపైన పిమ్మట అదే లెక్క 16 ఏండ్లకు దిగినది. విష్ణుపురమున యూనిట్టు ఐదు రూపాయలు, అనగా ఇరువది బైసాలకు పైబడి, అనుకొన్నచో అసలు సుమారు ఆరేండ్లలో తిరిగివచ్చును. యంత్రము మారలేదు, వేడి మారలేదు, మారినది ఇంధనపు వెల మాత్రమే. సొహార్ పొగగొట్టములు వేడిగా ఉండుటకు అచ్చటి ఇంజనీర్ల అలసత్వము కారణమని పత్రికలలో వ్రాయువారు ఈ నాలుగు బైసాలను మరచుచున్నారు. చౌకగ్యాసు ఈ దేశపు పరిశ్రమలకు ఊపిరి పోసినమాట నిజము. ఆ చౌకయే వృథాకు కూడ బీమాపత్రమైనది. 2017 జనవరినుండి ఏటికి 150 మెగావాటు-గంటలకు మించి వాడు పెద్ద వినియోగదారులకు అసలు ఖర్చుననుసరించి, వేళనుబట్టి ఋతువునుబట్టి మారు కరెంటుధరలు అమలులోనికి వచ్చినవి. అప్పటినుండి వేసవి మధ్యాహ్నమున ఆదాచేసిన యూనిట్టు చలికాలపు అర్ధరాత్రి యూనిట్టుకంటె ఎంతో విలువగలదైనది. ఈ నేలమీద వేడికి ధర పుట్టినది ఆనాడే యని నా యభిప్రాయము.

ఆశ్చర్యమేమనగా, ఒమాన్ దేశమునకు వాడివదలిన ఆవిరిని పట్టు విద్య క్రొత్తది కాదు. మస్కట్‌లోని గుబ్రా కేంద్రము 1976నుండి ఈ పని చేసినది. కరెంటు పుట్టించిన పిమ్మట టర్బైనునుండి వెలువడు ఆవిరితో సముద్రపునీటిని దశలదశలుగా, ఒత్తిడి తగ్గించుచు మరిగించి మంచినీరు తీయుట ఆ పద్ధతి. ఒక టన్ను ఆవిరికి సుమారు ఎనిమిది టన్నుల నీరు వచ్చును. ఈ బాతినాయందు బావులను అతిగా తోడుటచేత సముద్రము భూగర్భమున లోనికి చొచ్చుకొనివచ్చి తోటలు ఉప్పుబారుచుండగా ఆ నీటి విలువ యెంతటిదో ఖబూరా రైతు చెప్పగలడు. 2004లో 78వ సంఖ్య రాజశాసనముచేత కరెంటు, నీటి రంగమును పునర్వ్యవస్థీకరించిన పిమ్మట, సొహార్‌లో 585 మెగావాట్ల కరెంటును, దినమునకు లక్షన్నర ఘనపుమీటర్ల నీటిని ఇచ్చు ప్రైవేటు కేంద్రము 2007నాటికి పూర్తియైనది. దానికి బ్యాంకులు అప్పిచ్చినది టర్బైనును చూచి కాదు. పుట్టిన నీటిని, పుట్టిన కరెంటును 15 ఏండ్లపాటు కొందుమని ప్రభుత్వపు కొనుగోలు కంపెనీ వ్రాసియిచ్చిన ఒప్పందమును చూచి. కేంద్రము సిద్ధముగా నున్నచో, కొనుగోలుదారు తీసికొన్నను తీసికొనకున్నను, చెల్లింపు జరుగునను షరతు దానియందు ఉండెను. అప్పంతయు ఆ ఒక్క వాక్యముమీద నిలిచినది. తరువాత వచ్చిన నీటి కేంద్రములలో చాలవరకు ఆవిరిని విడిచి రివర్స్ ఆస్మోసిస్ పొరలను ఆశ్రయించినవి. టర్బైనునుండి వెలువడు ఆవిరి నిజముగా వ్యర్థము కాదనియు, నీటికై దానిని లాగినకొలది కరెంటు తగ్గుననియు లెక్కలు తేల్చుటచే అట్లైనది. దానికి నేను విచారింపను. మనకు ముఖ్యమైనది ఆ యొప్పందపు రూపము.

ఎందుకనగా కర్మాగారమువాడు తన సొంతవాడుకకై వేడిని పట్టినప్పుడు అతనికి మిగులునది ఆదాయము కాదు, ఆదా. ఆదాకు బిల్లు లేదు, రశీదు లేదు, కొనుగోలుదారుడు లేడు. భూమిని తాకట్టు పెట్టవచ్చును, యంత్రమును తాకట్టు పెట్టవచ్చును; రాబోవు సంవత్సరము కరెంటుబిల్లులో తగ్గబోవు మొత్తమును తాకట్టు పట్టువాడెవడు? బాయిలరు వచ్చి బట్టీకి అతికి కూర్చున్న పిమ్మట దానిని విప్పి అమ్మిన పాతయినుపధర కూడ సరిగా రాదు. పైగా సిమెంటుకు గిరాకీ తగ్గి బట్టీ ఆగినచో వేడియు ఆగును, వాయిదాలు మాత్రము ఆగవు. ఈ భయము తీర్చుటకై ఎనర్జీ సర్వీసు కంపెనీలనునవి పుట్టినవి: యంత్రము వారే నిలిపి, వారే నడిపి, పుట్టిన కరెంటును కర్మాగారమునకే కొంత తక్కువధరకు అమ్మి, నిర్ణీతకాలమునకు పిమ్మట యంత్రమును అప్పగించి పోవుదురు. ఆదా అమ్మకముగా మారినది, అమ్మకమునకు బిల్లు వచ్చినది, బిల్లును చూచి బ్యాంకు వచ్చినది. మంచి యుపాయమే. కాని బట్టీ ఆగిన నష్టము ఎవరిదను వాక్యము దగ్గర ఇరుపక్షముల వకీళ్లు నెలల తరబడి కూర్చుందురు. ఆ వాక్యము కుదరక నిలిచిపోయిన పథకములే ఎక్కువ.

ఈ విషయమున ఒమాన్ దేశపు పాతయాచారము మనకు వెలుగు చూపగలదని నా నమ్మకము. కొండలలోని ఫలజ్ కాలువలను చూడుడు. వానిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించినది. కాలువలో పారు నీరు పట్టుకొనుటకు చిక్కదు, నిలువయుండదు. అయినను శతాబ్దములుగా ఇచ్చటివారు ఆ ప్రవాహమును కాలమానముతో విభజించి, అరగంటపాటు పారు నీటికి అథర్ అని పేరిడి, ఆ అథర్‌ను అమ్ముదురు, కొందురు, వేలము వేయుదురు, కొడుకులకు కూతుళ్లకు వారసత్వముగా ఇత్తురు, మసీదునకు వక్ఫుగా వ్రాయుదురు. పగలు నీడగడియారమును, రాత్రి నక్షత్రములను చూచి వాటాలు మార్చుకొనుచు ఒక ప్రవాహమునకు ఇంత నిక్కచ్చియైన హక్కుపత్రము సృష్టించినవారికి, పొగగొట్టములో పారు వేడికి హక్కుపత్రము వ్రాయుట అసాధ్యమా? ఇన్ని డిగ్రీలలో, గంటకు ఇంత వాయువు, ఇన్ని ఏండ్లపాటు ఫలానావానికి చెందునని నమోదుచేసి, కర్మాగారము చేతులు మారినను ఆ హక్కు మారకుండునట్లు శాసనము చేసినచో, అప్పిచ్చువానికి తాకట్టుగా పట్టుటకు ఒక వస్తువు దొరకును. బట్టీ ఆగినప్పుడు కాలువ ఎండిన ఏట వాటాదారులు పంచుకొనునట్లే నష్టమును పంచుకొనవచ్చును.

బొగ్గుపులుసు వాయువు తగ్గించినందుకు వచ్చు ధనమును నమ్ముకొనవచ్చును గదా యని మీలో కొందరు అడుగవచ్చును. క్యోటో ఒప్పందము క్రింద ఆ ధనము వచ్చినది. మన సిమెంటు, స్పాంజ్ ఐరన్ కర్మాగారములు దానికై వరుసకట్టినవి. 2008లో టన్నుకు ఇరువది యూరోలు పలికిన ఆ తగ్గింపు పత్రములు 2012 చివరకు ఒక్క యూరోకును దిగువకు పడిపోయినవి. దానినే ప్రధానాదాయముగా లెక్కించినవారు నష్టపోయిరి, చట్నీగా లెక్కించినవారు బ్రతికిరి. 2012లో భారతప్రభుత్వము ప్రారంభించిన పాట్ పథకము దీనికంటె గట్టిది. ప్రతి పెద్ద కర్మాగారమునకు ఇంధనపు లక్ష్యము విధించి, దాటి ఆదాచేసినవానికి టన్ను చమురునకు ఒక పత్రము చొప్పున ఇచ్చి, వెనుకబడినవాడు దానిని కొనవలెనను నియమమది. అయినను ఆ పత్రములు విపణిలోనికి వచ్చుటకే 2017 సెప్టెంబరు పట్టినది. వాయిదా నెలనెలా కట్టవలసినవానికి అయిదేండ్ల నిరీక్షణ ఏపాటి యూరట?

ప్రత్యేకపు అప్పుతో పనిలేకుండనే వేడిని వాడుకొనుటకు సొహార్‌లోనే నాకు మిక్కిలి నచ్చిన యుదాహరణ మొకటి యున్నది. జిందాల్ షదీద్ ఉక్కు కర్మాగారమున, గ్యాసుతో ఆక్సిజను తొలగించిన ఇనుము షాఫ్టుకొలిమినుండి సుమారు 700 డిగ్రీల వేడితో దిగును. మామూలుగానైన దానిని ముద్దలుచేసి, చల్లార్చి, మరల విద్యుత్‌కొలిమిలో వేడిచేయుదురు. ఇచ్చట షాఫ్టుకొలిమిని ఎత్తున నిలిపి, దాని ప్రక్కనే విద్యుత్‌కొలిమిని దిగువన నిలిపి, వేడియినుము తన బరువుతోనే గొట్టముగుండ జారి దానిలో పడునట్లు అమర్చిరి. ఉక్కుకొలిమి 2014లో వచ్చినది. కాని దానికై స్థలమును, ఎత్తును, కోణమును మొదటి నక్షలోనే విడిచియుంచిరి. నూరు డిగ్రీల వేడికి టన్నుకు 20 మొదలు 30 యూనిట్ల చొప్పున కరెంటు మిగులును. బాయిలరు లేదు, టర్బైను లేదు, ప్రత్యేకపు అప్పు లేదు, వకీళ్లు లేరు. విశాఖ కోక్ బట్టీలను గూర్చి చెప్పినదియు ఇదియు ఒక్కటే: పునాదికి ముందు అడిగినచో ఈ ధనము మూలపెట్టుబడిలో కలిసి వచ్చును, పొగగొట్టము లేచిన పిమ్మట అడిగినచో అది వేరు పథకమై, వేరు అప్పై, వేరు పూచీకత్తై కూర్చుండును.

ఈ దేశమున ఇప్పుడు పునాదులు పడుచున్న చోటు డుక్మ్. హైడ్రోజనుతో నడవగల ఉక్కు కర్మాగారము నొకదానిని అచ్చట నెలకొల్పుదుమని 2022లో ప్రకటించిరి. హైడ్రోజను పుట్టించు యంత్రములు కూడ వాడిన కరెంటులో చెప్పుకోదగిన భాగమును గోరువెచ్చని వేడిగా వదలును; టర్బైనునకు అది చాలదు గాని, వేడితోనే చల్లదనమును పుట్టించు అబ్సార్ప్షన్ యంత్రములకు దానిని మరికొంత వెచ్చచేసిన చాలును. చేపలకు మంచుగడ్డ, కార్మికుల గదులకు చల్లగాలి కావలసిన తీరమున ఆ చల్లదనమును కొనువాడు ప్రక్కనే యున్నాడు. మన తెలుగు ఇంజనీర్లు సొహార్‌నుండి డుక్మ్‌నకు పోవుట అప్పుడే మొదలైనదని వినుచున్నాను. వారు అచ్చట నక్షలు బల్లమీద పరచియుండగానే, బిడ్డు పత్రములు వెలువడకముందే, వేడి యెవరిది, ఎన్నేండ్లు, ఏ ధరకు అను మూడు గడులు గల ఒక పేజీని ఆ పత్రములకు జోడింపజేయవలెనని ఈ సభాముఖముగా కోరుచున్నాను. ఆ పేజీకి ముసాయిదా వ్రాయుటకు అప్పుల వ్యవహారము తెలిసినవారు మీలో ఎవరైన ముందుకు వచ్చినచో నాకు చేతనైన సాయము చేయుదును.